పుంజును కాల్చవచ్చు, పెట్టను కాల్చకూడదు: అమెరికాలో ఫెజెంట్ వేట, మన దగ్గర కౌజు వేట నిషేధం

క్లుప్తంగా: అమెరికాలోని సౌత్ డకోటా వంటి రాష్ట్రాల్లో గైడు వెంట, వేటకుక్కల సాయంతో సాగే ఫెజెంట్ (కోడి కుటుంబానికి చెందిన పొడవాటి తోక పక్షి) వేట చట్టబద్ధం. పుంజులకే పరిమితమైన లెక్క, లైసెన్సు రుసుము, రైతు వదిలిపెట్టే గడ్డి నేల ఒకదానికొకటి ముడిపడి ఉండడమే దానికి ఆధారం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని 1991 సవరణ తర్వాత సరదా కోసం అడవి పక్షిని వేటాడే దారి మూసుకుపోయింది. పెంచిన పక్షులను వదిలి కాల్చే పోటీలను 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమే నేరంగా చూస్తోంది. రెండు చోట్లా పక్షి బతుకును తుపాకి కన్నా ఎక్కువగా తేల్చేది పొలం అంచున మిగిలే గడ్డి.

ఏటా అక్టోబరు చివర్లో విజయవాడ, గుంటూరు కుటుంబాల ఫోన్లకు అమెరికా నుంచి కొన్ని కొత్త తరహా ఫొటోలు వస్తున్నాయి. కోతకొచ్చిన మొక్కజొన్న చేను పక్కన నారింజ రంగు చొక్కా వేసుకున్న యువకుడు, చేతిలో పొడవాటి తోక ఉన్న రంగుల పక్షి, కాళ్ల దగ్గర నాలుక చాచి కూర్చున్న కుక్క. ఊళ్లో ఉన్న పెద్దలకు ఆ ఫొటో చూడగానే అనుమానం వస్తుంది. చేలో రెండు కౌజు పిట్టలను పట్టినవాడిని ఇక్కడ అటవీ శాఖ వాళ్లు తీసుకుపోతారు కదా, అక్కడ చంపి ఫొటో దిగితే ఎవరూ అడగరా?

అడుగుతారు. అడగడానికి అక్కడ పెద్ద యంత్రాంగమే ఉంది. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే, అదే పద్ధతి కృష్ణా డెల్టాలోనో పల్నాడు మెట్టలోనో ఎందుకు కుదరదో కూడా తెలుస్తుంది.

ఆసియా నుంచి వెళ్లిన పక్షి

ఫెజెంట్ మనకు బొత్తిగా పరాయిది కాదు. నెమలి, అడవికోడి, కౌజు, పూరేడు, ఇంట్లో తిరిగే నాటుకోడి అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఫెజెంట్ కూడా ఆ కుటుంబంలోదే. హిమాలయాల్లో మోనాల్, కాలిజ్ వంటి ఫెజెంట్లు ఉన్నాయి. అమెరికాలో వేటాడేది మాత్రం మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉండే రింగ్‌నెక్ రకం. దాని పుట్టిల్లు నల్లసముద్రపు తూర్పు తీరం నుంచి చైనా దాకా వ్యాపించిన ప్రాంతం. నేటి జార్జియా దేశంలోని రియోని నదిని గ్రీకులు ఫాసిస్ అనేవారు. పక్షి పేరు ఆ నది పేరు నుంచి వచ్చిందే.

షాంఘైలో అమెరికా కాన్సల్ జనరల్‌గా ఉన్న ఓవెన్ డెన్నీ 1881లో ఈ పక్షులను ఓడలో ఒరెగాన్ రాష్ట్రానికి పంపాడు. ఆ విడతలో చాలావరకు దారిలోనే చనిపోయాయి. 1882లో పంపినవి విల్లమెట్ లోయలో నిలదొక్కుకున్నాయి. తర్వాత పాతికేళ్లకు ఇవి సౌత్ డకోటా చేరాయి. అక్కడ 1919లో ఒక కౌంటీలో (మన జిల్లా వంటిది) ఒకే ఒక్క రోజు వేటకు అనుమతి ఇచ్చారు. 1943 నాటికి ఆ రాష్ట్రం దీన్ని తన అధికారిక పక్షిగా ప్రకటించుకుంది.

ఈ చరిత్రకు చట్టంతో సంబంధం ఉంది. అమెరికాలో ఫెజెంట్ బయటినుంచి తెచ్చి పెంచుకున్న పక్షి. గోధుమ, మొక్కజొన్న చేల అంచున బతికే పక్షి. అక్కడి అడవుల్లో అది మొదటినుంచీ లేదు. దాని సంఖ్యను పెంచడం, తగ్గించడం, కొంత తీసుకోవడం అన్నది మొదటినుంచీ సేద్యంతో కలిసిన వ్యవహారంగానే నడిచింది.

చేలో ఆ రోజు

సౌత్ డకోటాలో వేట కాలం అక్టోబరు మూడో శనివారం మొదలవుతుంది. ఉదయం పది గంటలకు ముందు కాల్చకూడదు. ఒక మనిషికి రోజుకు మూడు పుంజులు, అంతే. గైడు ఉన్న వేటలో డబ్బు కట్టిన ఆరేడుగురు ఉంటారు. రోజుకు కొన్ని వందల డాలర్లు తీసుకునే గైడు పొలం తీరు, గాలి దిక్కు చూసి వాళ్లను రెండు జట్లుగా విడదీస్తాడు.

ఒక జట్టు జొన్న చాలు వెంట బారుగా నడుస్తుంది. ఇంకో జట్టు చాలు అవతలి చివర కదలకుండా నిలబడుతుంది. ఫెజెంట్ ఎగరడానికి ఇష్టపడే పక్షి కాదు. అలికిడి వినగానే తల వంచి, మొక్కల మొదళ్ల మధ్య పరుగు తీస్తుంది. చివర మనుషులు లేకపోతే అలా పరుగెత్తుతూనే పక్క చేలోకి వెళ్లిపోతుంది. చివరన మనిషి కనిపించి, వెనకనుంచి కుక్క వస్తుంటే, మధ్యలో ఇరుక్కున్న పక్షి ఇక లేవక తప్పదు.

లేచే క్షణం హఠాత్తుగా వస్తుంది. అడుగు దూరంలో గడ్డి చీలినట్టు అవుతుంది, రెక్కల టపటపలతో పక్షి నిటారుగా పైకి లేస్తుంది. పుంజయితే లేస్తూ గరగరమని గట్టిగా కూస్తుంది. అప్పుడు గైడు నోటినుంచి వచ్చేది ఒక్క మాటే: పుంజు, లేదా పెట్ట. పెట్ట అని వినబడితే తుపాకులన్నీ కిందికి దిగాలి. పుంజు అయినా పక్షి వెనక ఆకాశం కనబడితేనే కాల్చాలి. తక్కువ ఎత్తులో ఎగిరే పక్షి వెనక కుక్కో, అవతలి జట్టులోని మనిషో ఉండవచ్చు. నారింజ రంగు చొక్కాలు వేసుకునేది కూడా ఒకరికొకరు కనబడడానికే. పక్షులు రంగులు బాగానే చూస్తాయి. మనుషుల ప్రాణం దృష్ట్యా ఆ నష్టానికి ఒప్పుకున్నారు.

చంపిన పక్షిని శుభ్రం చేసేటప్పుడూ ఒక నియమం ఉంది. ఈకలతో ఉన్న తలో, రెక్కో, లేదా కాలో అలాగే వదిలేయాలి. దారిలో వన్యప్రాణి శాఖ వార్డెన్ ఆపి చూస్తే అది పుంజో పెట్టో తెలియాలి. పుంజు కాలి వెనక పెరిగే ముల్లు, మన నాటుకోడి పుంజుకు ఉన్నట్టే, ఆ పరీక్షలో సాక్ష్యం.

కుక్క చేసే పని

ఈ వేట మొత్తంలో ఎక్కువ నైపుణ్యం కుక్కదే. మన పల్లెల్లో వేటకుక్క అంటే కుందేలు వెంటపడి పట్టేది. రాజపాళయం, ముధోల్ వంటి జాతులు కంటితో చూసి, కాళ్ల బలంతో తరుముతాయి. తుపాకి వేటకు తయారుచేసిన కుక్కలు దీనికి పూర్తిగా భిన్నం. అవి పట్టకూడదు. వాటి పనిని మూడు రకాలుగా పంచారు.

పాయింటర్, సెట్టర్ జాతులు గాలికి ఎదురుగా అటూ ఇటూ తిరుగుతూ వాసన వెతుకుతాయి. పక్షి వాసన తగలగానే శిలలా నిలబడిపోతాయి. ఒక ముందుకాలు గాలిలోనే ఆగిపోతుంది, తోక బిగుసుకుంటుంది, ముక్కు పక్షి దాగిన తుప్పవైపు తిరిగి ఉంటుంది. పిల్లి ఎలుకమీదికి దూకే ముందు ఒక క్షణం ఆగుతుంది కదా, ఆ ఆగడాన్నే మనుషులు తరతరాల ఎంపికతో నిమిషాల పాటు సాగదీశారు. దూకడం అనే చివరి మెట్టును మాత్రం అణచిపెట్టారు.

స్పానియల్ జాతులు ఆగవు, తుప్పలోకి దూరి పక్షిని లేపుతాయి. అందుకే అవి మనిషికి ముప్పై, నలభై గజాలు మించి ముందుకు పోకుండా నేర్పుతారు. దూరంగా లేపిన పక్షి తుపాకికి అందదు. మూడో రకం రిట్రీవర్లు. పడిన పక్షిని వెతికి, నోట కరుచుకుని తెచ్చి చేతికి అందిస్తాయి. ఫెజెంట్ రెక్క విరిగి పడినా పరుగెత్తి దాక్కుంటుంది. మంచి కుక్క లేకపోతే అలాంటి గాయపడిన పక్షులు దొరకవు, గడ్డిలోనే రోజుల తరబడి బాధపడి చస్తాయి. కుక్క లేని ఫెజెంట్ వేటను అనుభవజ్ఞులైన వేటగాళ్లే తప్పుపట్టడానికి ఇదే కారణం.

ఈ మూడో రకాన్ని చూడడానికి డకోటా దాకా వెళ్లనక్కరలేదు. విజయవాడ పటమటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో అపార్టుమెంటులో పెంచుతున్న లాబ్రడార్ ఆ జాతిదే. ఇంటికి వచ్చిన చుట్టం చెప్పును అది నోట పట్టుకుని హాల్లోకి తెచ్చినప్పుడు ఆ చెప్పును ఒకసారి పరిశీలించవచ్చు. తడిగా ఉంటుంది, పంటిగాటు మాత్రం కనబడదు. పక్షి మాంసం చెడకుండా తేవడానికి వందేళ్లకు పైగా ఎంపిక చేసిన మెత్తని నోరు అది. ఆ కుక్క బంతి కోసం వందసార్లు పరుగెత్తినా విసుగు చెందకపోవడం, ఇంట్లో వస్తువులను ఒకచోటికి చేర్చడం అల్లరి కాదు. దానికి అప్పగించిన పని మూడో అంతస్తు ఫ్లాటులో లేదు, అంతే. ఆ పనికి బదులుగా రోజూ తెచ్చి ఇచ్చే ఆట ఆడించకపోతే ఆ జాతి కుక్కలు లావెక్కి, దిగులుపడి, సోఫా కొరుకుతాయి.

వాతావరణమూ ఇందులో ముఖ్యమైన అంశమే. కుక్క ఒంటికి చెమట పట్టదు, పాదాలకు మాత్రమే కాస్త పడుతుంది. వేడిని అది నాలుక చాచి ఒగర్చడం ద్వారానే వదిలించుకుంటుంది. నోటితో ఊపిరి తీస్తున్నంతసేపూ ముక్కు సరిగా పనిచేయదు. వాసన కూడా కాస్త తేమ ఉన్న చల్లని నేలమీదే నిలుస్తుంది, ఎండిన వేడి నేలమీద ఇట్టే చెదిరిపోతుంది. డకోటా నవంబరు ఉదయం ఈ రెండు షరతులకూ సరిపోతుంది. విజయవాడ ఎండాకాలం రెండింటినీ చెడగొడుతుంది.

పుంజు లెక్క

పెట్టను వదిలి పుంజునే కాల్చాలన్న నియమం దయతో పుట్టింది కాదు, లెక్కతో పుట్టింది. ఫెజెంట్ పుంజు ఒకటి అనేక పెట్టలతో జతకడుతుంది. గూడు కట్టడం, పది పన్నెండు గుడ్లు పొదగడం, సుమారు 23 రోజులు కూర్చోవడం, పిల్లలను తిప్పడం అంతా పెట్ట పనే. కాబట్టి శరదృతువులో పుంజుల్లో ఎక్కువ భాగం పోయినా మిగిలిన కొద్దిపాటితో వసంతంలో గుడ్లన్నీ ఫలిస్తాయి. పెట్టలు తగ్గితే మాత్రం మరుసటి ఏడాది పిల్లలు తగ్గుతాయి. నాటుకోళ్లు పెంచే ఏ ఇంటివారికైనా ఈ లెక్క తెలుసు. గంపకింద పెట్టలను ఉంచుకుని, అదనపు పుంజులను పండక్కి కోయడం ఇదే సూత్రం.

ఈ నియమం అమలు కావడానికి ఒక అదృష్టం తోడైంది. పుంజు రాగి రంగుతో, ఆకుపచ్చ తలతో, ఎర్రని ముఖంతో, పొడవాటి తోకతో ఉంటుంది. పెట్టది ఎండుగడ్డి రంగు. ఎగురుతున్నా తేడా తెలుస్తుంది. మన కౌజులో ఈ సౌలభ్యం లేదు. ఆడ, మగ దాదాపు ఒకేలా ఉంటాయి. జంటగా బతుకుతాయి. ఎగిరే కౌజును చూసి ఇది మగదే అని చెప్పగలవారు లేరు. అంటే పుంజులకే పరిమితి అనే పద్ధతి కౌజుకు మొదటి మెట్టులోనే విఫలమవుతుంది.

గడ్డికి జీతం

అసలు విషయం ఇక్కడ ఉంది. సౌత్ డకోటాలో ఫెజెంట్ల సంఖ్య గత వందేళ్లలో ఎన్నోసార్లు పెరిగింది, పడిపోయింది. ఆ ఒడిదుడుకులను ముఖ్యంగా శాసించింది పొలాల మధ్య మిగిలిన గడ్డి.

1985లో అమెరికా ప్రభుత్వం వ్యవసాయ చట్టంలో భాగంగా కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రాం తెచ్చింది. మట్టి కోతకు గురయ్యే బలహీన భూములను పదేళ్లు, పదిహేనేళ్లు సేద్యం చేయకుండా గడ్డికి వదిలితే రైతుకు ఏటా కౌలు ఇస్తారు. మట్టి కోత ఆపడం, పంట మిగులు తగ్గించడం దాని తొలి ఉద్దేశాలు. ఫెజెంట్‌కు అది వరమైంది. గూడుకు గడ్డి, పిల్లలకు పురుగులు, చలికాలానికి చాటు ఒకేచోట దొరికాయి. 2007లో ఈ పథకం కింద దేశంలో 3.6 కోట్లకు పైగా ఎకరాలు ఉండేవి. అదే ఏడాది సౌత్ డకోటాలో ఫెజెంట్ల అంచనా కోటి దాటింది. తర్వాత మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్ ఇంధనానికి గిరాకీతో మొక్కజొన్న ధర పెరిగింది, రైతులు గడ్డి నేలను మళ్లీ దున్నారు, పక్షులు తగ్గాయి. ఆ ఏళ్లన్నింటిలోనూ రోజుకు మూడు పుంజులే అన్న నియమం మారలేదు. మారింది గడ్డే.

రెండో డబ్బు మార్గం తుపాకుల నుంచి వస్తుంది. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం కింద వేట తుపాకులు, తూటాలపై 11 శాతం పన్ను వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. లైసెన్సు రుసుము కూడా ఆ శాఖలకే పోతుంది. కాబట్టి పక్షులు తగ్గితే వేటగాళ్లు తగ్గుతారు, ఆదాయం పడిపోతుంది, ఊళ్లలో మోటళ్లు, హోటళ్లు ఖాళీ అవుతాయి. పక్షి బతికి ఉండాలన్న కోరిక అక్కడ చాలామంది జేబులకు ముడిపడి ఉంది. ఈ ముడి లేకుండా వేటకు అనుమతి ఒక్కటే తెచ్చుకుంటే మిగిలేది తుపాకి మాత్రమే.

బుట్టలో తెచ్చి వదిలిన పక్షులు

గైడు ఉన్న వేటలన్నీ అడవి పక్షులతోనే జరగవు. ప్రైవేటు షూటింగ్ ప్రిజర్వులనే స్థలాల్లో షెడ్లలో పెంచిన ఫెజెంట్లను వదులుతారు. అక్కడ కాలవ్యవధి, పరిమితి వేరుగా ఉంటాయి. డబ్బు కట్టిన అతిథి ఖాళీ చేతులతో పోకూడదన్నది ఆ వ్యాపారానికి మూలం. బ్రిటన్‌లో ఇది మరీ పెద్ద ఎత్తున జరుగుతుంది. ఏటా కోట్ల సంఖ్యలో ఫెజెంట్లను పొలాల్లోకి వదులుతారు. అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు కాల్చవచ్చని 1831 నాటి చట్టం చెబుతోంది.

షెడ్డులో పెరిగిన పక్షికి నక్కను చూసి దాక్కోవడం తెలియదు. దాణా పోసే మనిషివైపే పరుగెత్తుతుంది. తుపాకికి దొరకనివాటిలో ఎక్కువ భాగం కొద్ది వారాల్లోనే నక్కలకో, డేగలకో, రోడ్డుమీది బండ్లకో పోతాయి. వ్యాధుల ప్రమాదమూ ఉంది. కొక్కెర తెగులు ఒక షెడ్డులోకి వస్తే ఏమవుతుందో కృష్ణా, గోదావరి జిల్లాల కోళ్ల రైతులకు వివరించనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వల్ల లక్షల కోళ్లు పోయాయి. వలస పక్షులు దిగే కొల్లేరుకు గంట, రెండు గంటల దూరంలో షెడ్డు పక్షులను వేల సంఖ్యలో పొలాల్లోకి వదలడం అనే ఆలోచన ఈ ఒక్క కారణంతోనే నిలవదు.

మన చట్టం ఏమంటుంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట వేటను పూర్తిగా ఆపలేదు. చిన్న జంతువులకు, పెద్ద జంతువులకు వేర్వేరు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో ఆ లైసెన్సుల పద్ధతి పోయింది. ఇప్పుడు తొమ్మిదో సెక్షను కింద షెడ్యూళ్లలో ఉన్న ఏ అడవి జంతువునూ, పక్షినీ వేటాడకూడదు. ప్రాణరక్షణ, పంట నష్టం, పరిశోధన వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, ప్రాణరక్షణకు తప్ప మిగతావాటికి అనుమతి కావాలి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి, సాధారణ ఉల్లంఘనలకు జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. నెమలి వంటి ఒకటో షెడ్యూలు ప్రాణి అయితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు ఉంటుంది.

చాలామంది గమనించని విషయం, వేట అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం. చంపడమే వేట కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. తుపాకి లేకుండా, సరదాకి కుక్కను వదిలి కౌజులను లేపినా అది తరమడం కిందికి వస్తుంది. గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడమూ అదే నిర్వచనంలో ఉన్నాయి.

పెంచిన పక్షులతో ప్రిజర్వు పెట్టవచ్చు కదా అని అడిగేవారు ఉన్నారు. పంట రక్షణకో, ఆత్మరక్షణకో ఇచ్చిన తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదన్నది మొదటి జవాబు. రెండోది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో ఉంది. బంధించిన జంతువులను కాల్చడం కోసమే వదిలే పోటీలను నడిపినా, అందులో పాల్గొన్నా నేరమని పదకొండో సెక్షను నేరుగా చెబుతోంది. సంక్రాంతి కోడిపందేలకు అడ్డుపడే సెక్షను కూడా అదే.

ఉచ్చు, దీమం, బజారు పేరు

నిషేధం ఉన్నంత మాత్రాన వేట ఆగిపోలేదు. తుపాకి అవసరం లేని పద్ధతులు ఇక్కడ ముందునుంచీ ఉన్నాయి. కౌజు వేటలో పాతది దీమం. మచ్చిక చేసిన కౌజును చిన్న బుట్టలో పెట్టి, తెల్లవారుజామున గట్టుమీద ఉంచి, చుట్టూ ఉచ్చులు పన్నుతారు. బుట్టలోని పక్షి కూస్తుంది. తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందని ఆ చోటి కౌజు రోషంతో పరుగున వచ్చి ఉచ్చులో పడుతుంది. దాని జత కూడా వెనకే వస్తుంది. ఈ పద్ధతిలో ఆడ, మగ తేడా లేదు, కాలం లేదు, లెక్క లేదు. గూడు మీదినుంచి లేచి వచ్చిన పక్షి చిక్కితే గుడ్లన్నీ పోతాయి. డకోటా వేటలో ఉన్న ప్రతి అదుపూ ఇందులో లోపించింది.

పేర్ల గందరగోళం దీనికి తోడవుతోంది. కౌజు అంటే అసలు పొలాల్లో తిరిగే బూడిదరంగు అడవి పక్షి. షెడ్లలో పెంచి అమ్మే చిన్న పిట్ట జపనీస్ క్వెయిల్. అది 1974లో మన దేశానికి వచ్చిన పెంపుడు జాతి. బజారులో దానికీ కౌజు పిట్ట అనే పేరు స్థిరపడిపోయింది. హోటలు బోర్డుమీద కౌజు వేపుడు అని రాస్తే అది ఏ పిట్టో బోర్డునుబట్టి తెలియదు. పెంపుడు క్వెయిల్ అరచేతిలో ఇముడుతుంది, మచ్చల గుడ్లు పెడుతుంది. అడవి కౌజు దానికన్నా బాగా పెద్దది, మగదాని కాళ్లకు ముళ్లుంటాయి. ఎవరైనా అసలైన పొలం పిట్ట అని చెప్పి ఎక్కువ ధర అడిగితే, ఆ మాట నిజమైన పక్షంలో అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ నేరంలో ఉన్నట్టే.

అక్కడికి వెళ్లినవారికి

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారు స్నేహితులు పిలిచారని వేటకు వెళ్లే ముందు ఒక నియమం తెలుసుకోవాలి. ఎఫ్ 1, హెచ్ 1 బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకి ఒక్క నిమిషం పట్టుకుని ఫొటో దిగడం కూడా వీసాకు ముప్పు తేగల పని. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం వర్తించదు. చాలా రాష్ట్రాల్లో లైసెన్సుకు ముందు వేట భద్రతా శిక్షణ పూర్తిచేయాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని తర్వాత గాని పుట్టినవారికి అది తప్పనిసరి.

ఇక్కడ అనుమతిస్తే?

సౌత్ డకోటా విస్తీర్ణం దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. 2020 లెక్కల్లో అక్కడి జనాభా తొమ్మిది లక్షలు కూడా లేదు. 2011 నాటికే విజయవాడ నగరం ఒక్కదానిలోనే పది లక్షలకు పైగా జనం ఉన్నారు. అక్కడ సగటు వ్యవసాయ క్షేత్రం వెయ్యి ఎకరాలు దాటుతుంది. ఇక్కడ సగటు కమతం రెండున్నర ఎకరాలకు లోపే. షాట్‌గన్ నుంచి వెలువడే చిన్న గుండ్లు రెండు వందల మీటర్లకు పైగా పోయి పడతాయి. తెనాలి మాగాణిలోనో, తాడికొండ మిరపచేలోనో ఏ దిక్కున చూసినా ఆ దూరంలో కలుపు తీసే కూలీలు, గేదెలను మేపే పిల్లలు, ఇంకొకరి గట్టు ఉంటాయి. ఈ భూమి తీరులో గైడు ఎంత నేర్పరి అయినా భద్రంగా కాల్చగల దిక్కు దొరకదు.

సీసం సంగతీ ఉంది. కోడిజాతి పక్షులు, బాతులు గింజలు నలగడానికి చిన్న రాళ్లు మింగుతాయి, అవి కందనకాయలో నిలుస్తాయి. నేలమీద పడిన సీసపు గుండ్లను రాళ్లనుకుని మింగితే నెమ్మదిగా విషం ఎక్కి చస్తాయి. అమెరికా 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా నిషేధించింది. డెన్మార్క్ 1996లో సీసపు గుండ్లను అన్ని రకాల వేటల్లోనూ నిషేధించింది. వరి మడులే చిత్తడి నేలలైన డెల్టాలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

కాబట్టి నిషేధం సరైనదే. డకోటా పద్ధతికి సాటి వచ్చే ఏర్పాటు ఏదీ ఇక్కడ లేదు. అయితే నిషేధంతోనే కౌజు బతుకుతుందనుకోవడం పొరపాటు. డకోటా అనుభవం చెప్పేది ఒక్కటే: గడ్డి పోతే తుపాకి లేకపోయినా పక్షి పోతుంది. బ్రిటన్‌లో కౌజుకు దగ్గరి చుట్టమైన గ్రే పార్ట్రిడ్జ్ తగ్గిపోవడానికి కలుపు మందులు ప్రధాన కారణమని తేలింది. కలుపు పోయింది, కలుపుమీద బతికే పురుగులు పోయాయి, మొదటి వారాల్లో పురుగులే తినాల్సిన పిల్లలు ఆకలితో చచ్చాయి. గుంటూరు, పల్నాడు పత్తి, మిరప చేలల్లో వాడే మందులను, యంత్రాలతో చదును చేస్తున్న డొంకలను, పట్టాలుగా మారుతున్న బీళ్లను ఆ లెక్కతోనే చూడాలి. అక్కడ గడ్డి వదిలిన రైతుకు ప్రభుత్వం కౌలు ఇస్తోంది. ఇక్కడ గట్టుమీద తుప్ప వదిలిన రైతుకు పైసా రాదు, పక్క రైతు మాట పడాలి.

కౌజు గూడు చూడడానికి గూడులా ఉండదు. గట్టు వాలులో, ముళ్లతుప్ప మొదట్లో, నేలను కాళ్లతో గీసి, నాలుగు గడ్డిపోచలు పరచుకుంటుంది. ఆరేడు పాలిపోయిన గుడ్లు పెట్టి, పద్దెనిమిది రోజులకు పైగా పొదుగుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దానికి గుడ్లు పెట్టే కాలం. ఏప్రిల్, మే నెలల్లోనే ఖరీఫ్‌కు ముందు గట్లు శుభ్రం చేయడానికి అగ్గి పెడతారు. గట్టు ఒకేసారి చివరిదాకా కాల్చకుండా, ముళ్లతుప్పలున్న భాగాన్ని వానలు తగ్గేదాకా వదిలేస్తే రైతుకు పోయేది గజం, రెండు గజాల నేల. ఆ వాలులోనే, బూడిద రంగు వీపుతో నేలకు కరుచుకుని కూర్చున్న పెట్ట, మంట పక్కకు వచ్చేదాకా లేవదు.